తరవాణి క్యాన్సర్‌ను చంపుతుందా? కుండ, ల్యాబు, రొయ్యల చెరువు, కీమో గురించి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అమ్మగారికి పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయింది, ఇప్పుడు కీమో నడుస్తోంది. బాబాయిగారు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపారు. పులియబెట్టిన అన్నంలోంచి తీసిన బ్యాక్టీరియా క్యాన్సర్ కణాలను చంపిందని, యాంటీబయాటిక్‌కి లొంగని క్రిములను కూడా ఆపిందని, కాబట్టి రోజూ పొద్దున్నే గ్లాసు తరవాణి, అంటే పులిసిన గంజి నీళ్ళు, తాగిస్తే చాలని అందులో ఉంది. తాగించవచ్చా, పెరుగు పెట్టవచ్చా, మెడికల్ షాపులో ప్రోబయోటిక్ మాత్రలు కొనాలా అని మీ ప్రశ్న. అమలాపురం దగ్గర రొయ్యల చెరువు చేస్తున్నానని కూడా రాశారు. అది నాకు బాగా పనికొచ్చింది, ఎందుకో కింద చూస్తారు.

నేను డాక్టర్ని కాను. మైక్రోబయాలజీ పాఠం చెప్పినవాణ్ణి, తర్వాత భీమవరం వైపు ఒక ఆక్వా ల్యాబులో చెరువు నీళ్ళు, రొయ్యలు పరీక్షించినవాణ్ణి. అందుకని మందుల సంగతి మీ ఆంకాలజిస్టుకే వదిలేసి, బ్యాక్టీరియా సంగతి వరకు నేను చెబుతాను.

ముందు అవసరమైన ముక్క. కీమో పూర్తయి రక్తకణాలు మళ్ళీ మామూలుకి వచ్చేదాకా అమ్మగారికి తరవాణి వద్దు, చద్దన్నమూ వద్దు. పెరుగు డాక్టర్ని అడిగి పెట్టండి. మాత్రలు మీ అంతట మీరు కొనకండి. మీరు, పిల్లలు, ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న మిగతావాళ్ళు తరవాణి హాయిగా తాగండి. నేనూ తాగుతాను.

ఆ మెసేజ్ పచ్చి అబద్ధం అని అనను. సగం నిజం ఉంది. పూర్తి అబద్ధమైతే ఇంత పెద్ద జవాబు రాయాల్సిన పని ఉండేది కాదు.

కుండలో ఏముంటుందో ముందు చూద్దాం. గంజి వార్చే ఇళ్ళు తగ్గి కుక్కర్లు వచ్చాక తరవాణి కుండ చాలామంది ఇళ్ళలో అటకెక్కింది. ఈమధ్య ప్రోబయోటిక్ అనే మాట పుణ్యమా అని మళ్ళీ కిందికి దిగింది. కుండలో గంజి, నీళ్ళు పోసి, కాస్త అన్నం వేసి, నాలుగు దబ్బాకులు తుంచి వేసి మూత పెడతారు. మొదటి రోజు చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. మర్నాడు మూత తీస్తే అంచు చుట్టూ సన్నటి బుడగలు కనిపిస్తాయి, వాసన కొంచెం తియ్యగా, కొంచెం పుల్లగా ఉంటుంది. ఆ తర్వాత పులుపు ముదిరి, తేట పైకి తేలి, మెతుకు అడుక్కి చేరుతుంది.

ఆ బుడగల దశలో సాధారణంగా ముందుండేది ల్యూకోనోస్టాక్ జాతి బ్యాక్టీరియా. ఇడ్లీ పిండిని పొంగించేదీ అదే. ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనేదే ఆ పని చేస్తోందని 1965లోనే తేల్చారు. అది కొంత ఆమ్లం, కొంత గ్యాస్ తయారుచేసి, పులుపు పెరిగేసరికి తానే వెనకబడుతుంది. పులుపుని బాగా తట్టుకునే లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ లాంటివి అప్పుడు అందుకుంటాయి. (2020లో ఈ లాక్టోబాసిల్లస్ కుటుంబాన్ని ముక్కలు చేసి 23 కొత్త ప్రజాతులు పెట్టారు. ప్లాంటారమ్‌కి ఇప్పుడు లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటారమ్ అని నోరు తిరగని పేరు. మాత్రల డబ్బా మీద పాత పేరున్నా కొత్త పేరున్నా కంగారు పడకండి.) కుండ బాగా పులిసేసరికి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 దగ్గరికో, ఇంకా కిందికో దిగుతుంది. కలరా, టైఫాయిడ్ కలిగించే రకాలకు ఆ పులుపులో బతకడం కష్టం. ఫ్రిజ్ లేని కాలంలో అన్నం పాడవకుండా మన వాళ్ళు కనిపెట్టిన ఉపాయం ఇది. దానికి నేను చేతులెత్తి దండం పెడతాను.

కానీ మీ కుండలో ఉన్నదీ, ఆ పరిశోధనలో వాడినదీ ఒకటే అని ఎవరు చెప్పారు? ప్లాంటారమ్ అనే పేరు కింద వేల రకాల స్ట్రెయిన్లు, అంటే ఉపరకాలు, ఉన్నాయి. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన ఆ ఇంట్లో అందరికీ ఈత రాదు కదా. ఒక స్ట్రెయిన్ పేగు గోడకి అంటుకుంటుంది, ఇంకోటి అంటుకోదు. ఒకటి క్రిములను ఆపే ప్రోటీను తయారుచేస్తుంది, దాని పక్కదానికి ఆ జీనే ఉండదు. పైగా కుండ కుండకీ తేడా, వైశాఖానికీ పుష్యానికీ తేడా, బోరు నీళ్ళకీ కాలువ నీళ్ళకీ తేడా. మలికిపురంలో ఒక ఇంటి తరవాణి, ఆ పక్కింటి తరవాణి తెచ్చి ప్లేటు మీద పూస్తే రెండు వేర్వేరు తోటల్లా కనిపించడం నాకు కొత్త కాదు.

ప్రోబయోటిక్ అంటే ఏమిటో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2001లో ఒక నిర్వచనం పెట్టాయి. బతికున్న సూక్ష్మజీవులు, తగినంత మోతాదులో ఇచ్చినప్పుడు, మేలు చేయాలి. ఈ మూడు షరతులూ కలిస్తేనే ఆ పేరు. పులిసిన ప్రతిదీ ప్రోబయోటిక్ కాదు. ఇడ్లీ ఆవిరి మీద ఉడికేసరికి అందులో బ్యాక్టీరియా చచ్చిపోతుంది. దిబ్బరొట్టె నిప్పుల మీద, పొట్టిక్కలు పనసాకు బుట్టల్లో, అన్నీ అంతే. అయినా కీమోలో ఉన్న మనిషికి వేడివేడి ఇడ్లీ అంత మంచి తిండి ఇంకోటి నాకు కనబడదు. మెత్తగా ఉంటుంది, అప్పుడే ఉడికింది, క్రిముల భయం లేదు. అమ్మగారికి అది పెట్టండి.

ఇక మెసేజ్‌లో చెప్పిన పరిశోధన ఎలా జరుగుతుందో చెబుతాను. ఇలాంటివి మన దేశంలో పీజీ ప్రాజెక్టులుగా, పీహెచ్‌డీలుగా చాలా జరుగుతాయి. నేనూ పిల్లల చేత చేయించాను.

పులిసిన తేటను పలచన చేసి ఎంఆర్‌ఎస్ అనే అగార్ మీద పూస్తే తెల్లటి చిన్న కాలనీలు వస్తాయి. వాటిలో ఒకదాన్ని ద్రవంలో పెంచి, బ్యాక్టీరియాని వడకట్టేసి, పైన మిగిలిన తేటను తీసుకుంటారు. ఇంకో ప్లేటు నిండా ఒక రోగక్రిమిని పరిచి, దాంట్లో చిన్న గుంట తవ్వి, ఆ తేట పోస్తారు. మర్నాడు గుంట చుట్టూ క్రిమి పెరగని వలయం కనబడుతుంది. స్కేలు పెట్టి ఇన్ని మిల్లీమీటర్లు అని రాసుకుంటారు. ఫొటో బాగా వస్తుంది. పేపర్లో ఎక్కేది ఆ ఫొటోనే.

అసలు ప్రశ్న ఆ తర్వాత మొదలవుతుంది. క్రిమిని ఆపింది ఏది? ఆ తేటలో లాక్టిక్ ఆమ్లం నిండుగా ఉంటుంది. నిమ్మరసం పోసినా అలాంటి వలయమే వస్తుంది. అందుకని తేట పీహెచ్‌ని 6.5 దగ్గరికి తెచ్చి మళ్ళీ పోయాలి. కొన్ని బ్యాక్టీరియాలు హైడ్రోజన్ పెరాక్సైడ్ వదులుతాయి, దాన్ని తీసేయడానికి కాటలేజ్ అనే ఎంజైము వేయాలి. ఇంకా వలయం మిగిలితే, ప్రోటీన్లను కోసే ఎంజైము కలిపి చూడాలి. అప్పుడు వలయం పోతే అది బ్యాక్టీరియోసిన్, అంటే పోటీ బ్యాక్టీరియాని చంపడానికి ఇవి తయారుచేసుకునే చిన్న ప్రోటీను. ఇంత దూరం వెళ్ళేసరికి మొదట ఎగిరి గంతేసిన పిల్లల ముఖాలు చిన్నబోతాయి. చాలా కాలనీల విషయంలో పులుపు తీసేయగానే వలయమూ పోతుంది.

అయినా మిగిలేవి మిగులుతాయి. వాటిలో పెద్దన్న నైసిన్. పాలల్లో పెరిగే లాక్టోకాకస్ లాక్టిస్ తయారుచేసేది, 34 అమైనో ఆమ్లాల గొలుసు. 1928లోనే దాని జాడ తెలిసింది, 1969లో అంతర్జాతీయ నిపుణుల సంఘం ఆహారంలో వాడవచ్చంది, 1988లో అమెరికా ఒప్పుకుంది. చీజ్ డబ్బాల మీద ఈ234 అని కనిపిస్తే అదే. శత్రువు కణం గోడ కట్టుకోవడానికి వాడే లిపిడ్-2 అనే ముక్కను పట్టుకుని, ఆ పొరకే రంధ్రం పెడుతుంది. అంత చక్కటి ఆయుధం. కానీ ఇ.కోలై, సాల్మొనెల్లా, రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో లాంటి గ్రామ్-నెగటివ్ రకాలకు బయట ఇంకో పొర ఉంటుంది, నైసిన్ ఒక్కటే వెళితే అక్కడే ఆగిపోతుంది. ఆసుపత్రుల్లో యాంటీబయాటిక్‌కి లొంగక ఏడిపించే క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ కూడా ఆ బాపతే. మెసేజ్‌లో ‘లొంగని క్రిములను ఆపింది’ అనే మాట చదివినప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మీ చెరువు దగ్గరికి వద్దాం, మీకు ఇక్కడ నా అవసరం లేకుండానే అర్థమవుతుంది. 2009లో వన్నమీ రొయ్యకి అనుమతి వచ్చిన తర్వాత మన వైపు ప్రోబయోటిక్ పాకెట్లు ఎన్ని రకాలు దిగాయో మీకు తెలుసు. వాటర్ ప్రోబయోటిక్, సాయిల్ ప్రోబయోటిక్, గట్ ప్రోబయోటిక్. కొన్ని పాకెట్ల బ్రోచర్ మీద ఇందాక చెప్పిన వలయం ఫొటో కూడా ఉంటుంది, విబ్రియోని ఇలా ఆపిందని. మరి రైతు నీళ్ళు పట్టుకొచ్చి ల్యాబులో విబ్రియోని పట్టే టీసీబీఎస్ ప్లేటు వేయిస్తే దాని పచ్చ కాలనీలు అలాగే ఉంటాయి. ఎందుకుంటాయి? ఎకరం చెరువులో నాలుగడుగుల నీళ్ళంటే సుమారు 49 లక్షల లీటర్లు. మీరు తవుడు, బెల్లం పులియబెట్టి పోసేది 20 లీటర్ల డ్రమ్ము అనుకుందాం. అంటే దాదాపు రెండున్నర లక్షల్లో ఒక వంతు. దానికి తోడు చెరువు నీళ్ళ పీహెచ్ 8కి అటూ ఇటూ, ఆల్కలినిటీ, అంటే పులుపుని విరిచే గుణం, వంద పీపీఎం పైన. డ్రమ్ములోని పులుపంతా చెరువులో పడిన నిమిషానికి చల్లారిపోతుంది. ప్లేటు మీద గెలిచింది పులుపు. చెరువులో ఆ పులుపే లేదు.

అలాగని చెరువులో ప్రోబయోటిక్ దండగ అనను. బాసిల్లస్ రకాలు స్పోరు రూపంలో, అంటే గట్టి గింజలా నిద్రపోతూ, పాకెట్‌లో నెలల తరబడి బతుకుతాయి, చెరువు అడుగున చెత్తను, మిగిలిన మేతను తిని, విబ్రియోకి తిండీ చోటూ దొరక్కుండా చేస్తాయి. అది చంపడం కాదు, పోటీ. పని చేసిన చెరువులున్నాయి, డబ్బులు నీళ్ళలో పోసిన చెరువులూ ఉన్నాయి. తెల్లమచ్చ వైరస్సుకి, ఈహెచ్‌పీకి ఆ పాకెట్లతో ఆశ పెట్టుకోకండి. ఒకటి వైరస్, ఇంకోటి మైక్రోస్పోరిడియా అనే పరాన్నజీవి, రెండూ బ్యాక్టీరియా కావు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్‌ల జోలికి మాత్రం వెళ్ళొద్దు. నిషేధం ఉంది, ఎగుమతి చేసిన రొయ్యల కంటైనర్లు వెనక్కి వచ్చాయి, పైగా ఆ అలవాటే రేపు మన పిల్లల మందులకు లొంగని క్రిములను తయారుచేసేది.

క్యాన్సర్ పరిశోధన దగ్గర కూడా ఇదే కథ, కాకపోతే పందెం పెద్దది.

ప్రయోగశాలలో హెచ్‌టీ-29, హెచ్‌సీటీ-116, కాకో-2 అనే పెద్దపేగు క్యాన్సర్ కణాలను ప్లాస్టిక్ ప్లేటు గుంటల్లో పెంచుతారు. వాటి మీద ఆ బ్యాక్టీరియా తేట పోసి, ఒకటి రెండు రోజులు ఆగి, ఎంటీటీ అనే పసుపు రంగు పదార్థం వేస్తారు. బతికున్న కణాలు దాన్ని ఊదా రంగుకి మారుస్తాయి. ఊదా తగ్గితే కణాలు చచ్చాయని లెక్క. మెసేజ్‌లో ‘ఇంత శాతం క్యాన్సర్ కణాలు చనిపోయాయి’ అన్నది అక్కడినుంచే వస్తుంది. ఇక్కడ ఒక చిన్న సంగతి. ఆ కణాలు పెరిగే ద్రవంలో ఫినాల్ రెడ్ అనే రంగు వేస్తారు, మామూలుగా లేత ఎరుపులో ఉంటుంది. తేట పోయగానే గుంట గుంటా పసుపెక్కిపోతే పులుపు ఎక్కువైందని అర్థం. ఆ పులుపుకి క్యాన్సర్ కణమూ చస్తుంది, మంచి కణమూ చస్తుంది. అందుకే మంచి పరిశోధకులు పీహెచ్ సరిచేసి, అదే తేటను ఆరోగ్యకరమైన కణాల మీద కూడా పోసి, రెండింటికీ తేడా చూపిస్తారు. ఆ తేడా చూపని పేపర్ నేను పక్కన పెట్టేస్తాను.

తేడా చూపిన పేపర్లు కూడా ఉన్నాయి. అందుకే సగం నిజం అన్నాను. కొన్ని స్ట్రెయిన్ల గోడ ముక్కలు, అవి వదిలే జిగురు లాంటి పాలీశాకరైడ్లు క్యాన్సర్ కణంలో ఆత్మహత్య మీట నొక్కుతున్నట్టు కనిపించింది. మాడిన మాంసంలో పుట్టే హానికర రసాయనాలను కొన్ని లాక్టిక్ బ్యాక్టీరియాలు అంటిపెట్టుకుని బయటికి మోసుకుపోగలవు. పేగులో కొన్ని విషాలను మళ్ళీ విడుదల చేసే బీటా-గ్లూక్యురోనిడేజ్ అనే ఎంజైము, లాక్టోబాసిల్లస్ ఇచ్చినప్పుడు మనుషుల్లో తగ్గిందని 1984లోనే చూపించారు. నైసిన్ నోటి క్యాన్సర్ గడ్డల పెరుగుదలను ఎలుకల్లో తగ్గించిందని అమెరికాలో మిచిగాన్ విశ్వవిద్యాలయం వాళ్ళు చూపించారు. ఇవన్నీ ఆసక్తికరమైన ఆధారాలు. వైద్యం మాత్రం ఇంకా కాదు.

మనుషుల మీద చేసినవి తక్కువ, చేసినవాటిలో పెద్దది జపాన్‌లో. పెద్దపేగు కణితులు తీయించుకున్న 398 మందిని నాలుగు గుంపులు చేసి, కొందరికి లాక్టోబాసిల్లస్ కేసై, కొందరికి గోధుమ తవుడు, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేకుండా నాలుగేళ్ళు చూశారు. 2005లో ఫలితం వచ్చింది. కొత్త కణితులు రావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కేసై తీసుకున్నవాళ్ళకు వచ్చిన కణితుల్లో ముదురు లక్షణాలున్నవి మాత్రం తక్కువ. ఆశ పెట్టుకోవడానికి చాలు, మందు చీటీ రాయడానికి చాలదు. అదే రకం బ్యాక్టీరియాతో 1995లో మూత్రాశయం పైపొర క్యాన్సర్ మీద చేసిన ఇంకో జపాన్ ప్రయోగంలో, మళ్ళీ రావడం కొంతమందిలో తగ్గింది. పెరుగు వారానికి రెండుసార్లకు తక్కువ కాకుండా తినే అమెరికన్ మగవాళ్ళలో పేగు అడినోమాలు (క్యాన్సర్‌గా మారగల కణితులు) 19 శాతం తక్కువ కనిపించాయని ఒక పెద్ద పరిశీలన ఉంది. కానీ పెరుగు తినేవాళ్ళు ఇంకా ఏమేం మంచి పనులు చేస్తున్నారో, ఆ మేలు దేనివల్లో విడదీయడం కష్టం.

బ్యాక్టీరియాతో క్యాన్సర్‌ని నిజంగా అదుపు చేసే వైద్యం ఒకటుంది, అది బీసీజీ. క్షయ టీకాలో వాడే ఆ బలహీనపరిచిన బ్యాక్టీరియాని మూత్రాశయంలోకి నేరుగా ఎక్కిస్తే పైపొర క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గుతుంది. 1976లో కెనడాలో మొదలైంది, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. చూశారా, ఏ బ్యాక్టీరియా, ఎంత, ఎక్కడ, ఎన్ని వారాలు అన్నీ తేలాకే అది మందైంది.

రోగక్రిముల విషయంలో అలాంటి గట్టి ఉదాహరణ మన పక్క రాష్ట్రంలోనే ఉంది. ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువులకు, సగం మందికి ఒక ఎంపిక చేసిన ప్లాంటారమ్ స్ట్రెయిన్, దానికి ఆహారంగా ఒక రకం చక్కెర కలిపి ఏడు రోజులు నోట్లో వేశారు, మిగతావాళ్ళకు ఉత్త పొడి. రెండు నెలలు గమనించారు. సెప్సిస్ (ఒళ్ళంతా పాకే ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్) లేదా మరణం ఉత్త పొడి గుంపులో 9 శాతం, ప్రోబయోటిక్ గుంపులో 5.4 శాతం. 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. నన్నడిగితే ప్రోబయోటిక్ చరిత్రలో అంత గొప్ప ఫలితం ఇంకోటి లేదు. అక్కడ వాడింది ప్లాంటారమే, మన తరవాణిలోనూ ఉండేది ప్లాంటారమే. కానీ వాళ్ళు తరవాణి పోయలేదు. సరైన స్ట్రెయిన్ కోసం ఏళ్ళ తరబడి వెతికి, శుద్ధి చేసి, మోతాదు కొలిచి ఇచ్చారు. ఆ పిల్లలు కూడా 35 వారాలు నిండాక పుట్టిన, రెండు కిలోలకు తగ్గని పిల్లలు. బాగా నెలలు తక్కువగా పుట్టిన పసికందుల విషయంలో అమెరికా ఔషధ సంస్థ 2023లో హెచ్చరిక ఇచ్చింది, ప్రోబయోటిక్ ఇచ్చిన ఒక బిడ్డ రక్తంలోకి అదే బ్యాక్టీరియా చేరి చనిపోయాక.

ఇదే అమ్మగారి విషయంలో నా భయం. కీమో మందు వేగంగా పెరిగే కణాలన్నింటినీ దెబ్బతీస్తుంది. క్యాన్సర్ కణాలతో పాటు పేగు లోపలి పొర పలచబడుతుంది, క్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ తగ్గుతాయి. చాలా మందులకు డోసు పడిన 7 నుంచి 14 రోజుల మధ్య బాగా తగ్గుతాయి. మైక్రోలీటరు రక్తానికి 500 కన్నా తగ్గితే పరిస్థితి ప్రమాదకరం. గోడ పలచన, కాపలా తక్కువ. అలాంటప్పుడు మంచి బ్యాక్టీరియా కూడా పేగు దాటి రక్తంలోకి వెళ్ళవచ్చు. అరుదే, కానీ జరుగుతుంది.

తరవాణిలో అయితే మంచివే ఉంటాయని హామీ లేదు కూడా. వండిన అన్నాన్ని వెచ్చగా వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా లేస్తుంది. దాని స్పోర్లు ఉడికినా చావవు, అది వదిలే వాంతుల విషం మళ్ళీ వేడి చేసినా పోదు. కుండ త్వరగా పులిస్తే ఇది అణగిపోతుంది. చలికాలంలో పులుపు నెమ్మదిగా ఎక్కితే దానికి సమయం దొరుకుతుంది. ఇంకా నీళ్ళు. మన డెల్టాలో చాలా ఊళ్ళకి తాగునీరు కాలువలోంచి చెరువుకి, చెరువులోంచి ట్యాంకుకి వస్తుంది, మధ్యలో ఏం కలుస్తుందో మీకు చెప్పక్కర్లేదు. ఆరోగ్యవంతుడి కడుపు ఇవన్నీ తట్టుకుంటుంది. కీమోలో ఉన్న అరవై ఏళ్ళ మనిషి కడుపుతో ఆ పందెం వేయకండి.

పెరుగు వేరు. పాలు మరిగించి తోడు పెట్టింది కాబట్టి మొదలే శుభ్రం. డాక్టరు సరే అంటే, బాగా కాగిన పాలతో, శుభ్రమైన గిన్నెలో ఆ రోజు తోడుకున్నది పెట్టండి. తోడుకి అందరూ చెంచా పెట్టిన గిన్నె అడుగు వాడకండి. మూడు రోజుల పుల్ల మజ్జిగ, పచ్చి పాలతో చేసినవి వద్దు. కొన్ని ఆసుపత్రులు పాకెట్ పెరుగు మాత్రమే తినమంటాయి, కొన్ని కణాలు తగ్గిన వారంలో అసలు వద్దంటాయి. మీ ఆసుపత్రి ఏమంటే అది చేయండి, ఇక్కడ నా మాట కన్నా వాళ్ళ మాటే ఎక్కువ.

ఇంట్లో థర్మామీటరు తప్పకుండా పెట్టుకోండి. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ తాకితే అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరండి. ముందు డోలో వేసి చూద్దాం, పొద్దున్న చూద్దాం అనుకోవద్దు. కణాలు తగ్గినప్పుడు వచ్చే జ్వరంలో గంటలు లెక్కే.

మాత్రల గురించి. ప్రోబయోటిక్ అని అమ్మేదాంట్లో రోజు మోతాదుకి కనీసం పది కోట్ల బతికున్న బ్యాక్టీరియా ఉండాలని మన ఆహార భద్రతా సంస్థ 2016 నిబంధనల్లో పెట్టింది. యాంటీబయాటిక్ వాడే పిల్లలకు వచ్చే విరేచనాలు వీటితో తగ్గుతాయనడానికి మంచి ఆధారం ఉంది, 19 శాతం మందికి రావాల్సింది 8 శాతానికి దిగింది. క్యాన్సర్ రోగుల విషయంలో చిత్రం అంత నిమ్మళంగా లేదు. 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో, ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే వైద్యం) తీసుకుంటున్న మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగుల్లో రోజుకి 20 గ్రాములు, ఆపైన పీచు తిన్నవాళ్ళకు వైద్యం బాగా పనిచేసింది. సొంతంగా ప్రోబయోటిక్ మాత్రలు వాడినవాళ్ళకు లాభం కనబడలేదు, ఎలుకల్లో అయితే ఆ మాత్రలు వైద్యాన్ని దెబ్బతీశాయి. అమ్మగారి వైద్యం వేరు, నిజమే. కానీ ‘మంచిదేగా, వేస్తే పోయిందేముంది’ అనే మాట ఇక్కడ చెల్లదు.

ఇంకో మాట, మీరు అడగలేదు కానీ చెబుతాను. బాబాయిగారి మెసేజ్‌లో ఆవకాయ, మాగాయ కూడా ప్రోబయోటిక్ జాబితాలో ఉన్నాయన్నారు. ఆవకాయలో ఉప్పు, నూనె, ఆవపిండి కలిసి ఏ బ్యాక్టీరియానీ సరిగ్గా పెరగనివ్వవు, అందుకే ఏడాది నిలవ ఉంటుంది. రుచికి తినండి. ఉప్పు ఎక్కువ తినే అలవాటుకీ కడుపు క్యాన్సర్‌కీ సంబంధం ఉందని బలమైన ఆధారాలున్నాయి, కడుపులో హెలికోబాక్టర్ పైలోరీ ఉన్నవాళ్ళకు మరీను. ఎండుచేపలు ఇష్టమైన ఇళ్ళలో ఇది చెవిన వేసుకోవడం మంచిది.

తరవాణి మళ్ళీ ఎప్పుడు? చివరి డోసు అయ్యాక రక్తపరీక్షలో కణాలు మామూలుకి వచ్చాయని, నోటి పుండ్లు, విరేచనాలు తగ్గాయని డాక్టరు చెప్పాక. ముందు కొన్నాళ్ళు పలచటి మజ్జిగతో చూడండి. అది పడితే తరవాణి కొత్తగా మొదలుపెట్టండి. కుండ మరిగే నీళ్ళతో కడిగి, కాచి చల్లార్చిన నీళ్ళు, ఆ పూట వార్చిన గంజి పోసి, బాగా పులుపెక్కాకే తీయండి. జిగురు సాగినా, పైన రంగు పొర కట్టినా, పులుపు కాకుండా కుళ్ళు వాసన వచ్చినా పారబోసి మళ్ళీ పెట్టండి. పాత కుండ అడుగు తేటను తోడుగా పోయకండి.